ఖాళీ దొరికినప్పుడు చూద్దాం

ఆపరేటింగు సిస్టమ్స్ కోర్సు చదివినవాళ్ళలో చాలామందికి ఒక కథ గుర్తుండే ఉంటుంది. 1973లో ఎం.ఐ.టి.లో ఐబీఎం 7094 కంప్యూటరుని ఆపేస్తున్నప్పుడు, ఇంకా ఒక్కసారి కూడా నడవని జాబు ఒకటి క్యూలో కనిపించిందట. దాన్ని సబ్మిట్ చేసింది 1967లోనట! ఆరేళ్ళపాటు దాని వంతు రానేలేదన్నమాట. సిల్బర్‌షాట్జ్ పాఠ్యపుస్తకం కూడా ఈ కథని వదంతిగానే చెప్తుంది కాబట్టి నిజానిజాల జోలికి మనం వెళ్ళొద్దు. మనకి కావలసింది అందులోని నీతి. ఆ జాబుని ఎవరూ రద్దు చెయ్యలేదు, ఎవరూ కాదనలేదు. దానికంటే కాస్త ముఖ్యమైన పని ఒకటి ఎప్పుడూ ముందు వచ్చి నిలబడుతూ ఉంది, అంతే. దీన్ని మన పుస్తకాల్లో స్టార్వేషన్ అంటారు. తెలుగులో చెప్పుకోవాలంటే పస్తు.

ఇంటినుంచి పనిచేస్తూ పిల్లల్ని పెంచే వాళ్ళని ఎవర్నైనా, “నీకోసం నువ్వు ఏం చేసుకుంటున్నావు?” అని అడిగి చూడండి. “ఖాళీ దొరికినప్పుడు చూద్దాం” అన్న మాటే వినిపిస్తుంది. ఈ ‘ఖాళీ దొరికినప్పుడు’ అన్నది వినడానికి సమయంలా ఉంటుంది గాని, నిజానికి అది ఒక ప్రయారిటీ. అందులోనూ అన్నిటికంటే కింది ప్రయారిటీ. షెడ్యూలరు గురించి కొంచెం తెలిసిన మనకి, ఆ ప్రయారిటీతో పెట్టిన జాబు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి ఈ నెల శీర్షికలో కొత్త భాషల గురించీ, క్లౌడ్ గురించీ కాకుండా, మనకి బాగా తెలిసిన పాత పాఠాలనే ఇంటికి అన్వయించి చూద్దాం.

దారిలో పోయే గంట

మేముండేది కాపెల్‌లో. డల్లస్‌కి వాయవ్యంగా, డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఊరు. 2020 జనగణన ప్రకారం జనాభా సుమారు 43 వేలు. బడులు బాగుంటాయనీ, లాస్ కొలీనాస్ ఆఫీసులు దగ్గరనీ, ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి సోమవారం పొద్దున్నే క్లయింటు దగ్గరకి ఎగిరిపోవడం సులువనీ, ఇలా రకరకాల కారణాలతో మనవాళ్ళు ఇక్కడికి చేరారు. సాయంత్రంపూట శాండీ లేక్ రోడ్డు చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే, పది నిమిషాల్లో ఎక్కడో ఒకచోట తెలుగు మాట చెవిన పడుతుంది.

2020 మార్చిలో డల్లస్ కౌంటీ అందరినీ ఇళ్ళలోనే ఉండమని ఆదేశించినప్పుడు మాకు కలిగిన మొదటి ఆలోచన, “635 మీద పోయే గంట మిగిలింది” అని. ఆ ఆలోచన వింతైనదేమీ కాదు. జాక్ నిలస్ 1973లో ‘టెలికమ్యూటింగ్’ అనే మాట పుట్టించింది కూడా ఈ లెక్కతోనే. మనిషిని పని దగ్గరికి మోసుకెళ్ళే బదులు పనినే తీగల మీద మనిషి దగ్గరికి పంపితే, దారి ఖర్చూ, దారిలో పోయే సమయమూ మిగులుతాయి కదా!

మిగిలాయి, నిజమే. మరి ఆ మిగులు ఎక్కడికి పోయింది? బరేరో, బ్లూమ్, డేవిస్ మొదలైన ఆర్థికవేత్తలు 27 దేశాల ఉద్యోగులని అడిగి 2023లో ఒక పత్రం వెలువరించారు. ఇంటినుంచి పనిచేసిన రోజున దారి తప్పడం వల్ల మిగిలేది సగటున 72 నిమిషాలు. అందులో నూటికి 40 పాళ్ళు తిరిగి ఉద్యోగానికే పోతోంది. పిల్లలూ పెద్దల సంరక్షణకి 11 పాళ్ళు. ఇది సగటు లెక్క. చిన్నపిల్లలున్న ఇంట్లో సొంతానికి మిగిలేది ఎంతో ఎవరికి వాళ్ళు ఊహించుకోవచ్చు.

పైగా దారి అంటే ఒట్టి వృథా కాదని, అది పోయాకే తెలిసింది. ఒక ప్రోసెసుని ఆపి ఇంకోదాన్ని నడపాలంటే, మొదటిదాని రిజిస్టర్లన్నీ ఎక్కడో భద్రం చేసి, రెండోదాని రిజిస్టర్లు తెచ్చి నింపాలి. దాన్నే కాంటెక్స్ట్ స్విచ్ అంటున్నాం. కారులో కూర్చుని ఘంటసాల పాటలు వింటూ వచ్చిన ముప్ఫై ఐదు నిమిషాల్లో జరిగింది అదే. ఆఫీసు మనిషిని మడిచి లోపల పెట్టి, ఇంటి మనిషిని బయటికి తీసేవాళ్ళం. ఇప్పుడు ఆ పని మేడమీది గదికీ కింది వంటింటికీ మధ్య ఉన్న పద్నాలుగు మెట్ల మీద జరిగిపోవాలి. జరగదు. అంచేత చెయ్యి పోపు వేస్తూనే ఉంటుంది, బుర్ర ప్రొడక్షన్ లాగులు చదువుతూనే ఉంటుంది.

రెండు గడియారాలు

ఈ కష్టం పిల్లలున్న వాళ్ళందరిదీ. మన తెలుగు సాఫ్టువేరు కుటుంబాలకి దీని మీద ఇంకో అర అదనం, అదే హైదరాబాదు గడియారం.

వేసవి సమయంలో కాపెల్‌కీ హైదరాబాదుకీ తేడా పదిన్నర గంటలు. చలికాలంలో పదకొండున్నర. ఇక్కడ గడియారాన్ని మార్చి రెండో ఆదివారం ముందుకీ, నవంబరు మొదటి ఆదివారం వెనక్కీ తిప్పుతారు. ఈ తేదీలు 2007 నుంచి అమల్లో ఉన్నాయి. అక్కడ తిప్పరు. ఈ ఒక్క గంట మన ఇళ్ళలో చేసే అల్లరి అంతా ఇంతా కాదు. లెక్క చూడండి.

హైదరాబాదులో ఉదయం ఏడున్నరకి మొదలయ్యే కాల్ మాకు వేసవిలో రాత్రి తొమ్మిదికి. అప్పటికి పిల్లలు పడుకుంటారు, సరే. నవంబరు వచ్చిందంటే అదే కాల్ రాత్రి ఎనిమిదికి దిగుతుంది. అంటే సరిగ్గా పళ్ళు తోమించి, కథ చెప్పే వేళకి. అలాగే వాళ్ళ సాయంత్రం ఆరున్నర కాల్ వేసవిలో మాకు ఉదయం ఎనిమిది, చలికాలంలో ఏడు. ఏడంటే డబ్బాలు కట్టే వేళ, మేజోళ్ళలో ఒకటి కనిపించని వేళ. ఇవన్నీ అయ్యాక మన అమ్మా నాన్నలతో మాట్లాడాలంటే వీలయ్యేది కూడా ఈ రెండు కిటికీల్లోనే.

అందుకని పని ‘తొమ్మిది నుంచి ఐదు’ అని చెప్పుకున్నా, మన రోజు మధ్యలో పల్చగా, రెండు కొసల్లో చిక్కగా ఉంటుంది. సొంత సమయం గురించి ఇచ్చే మామూలు సలహా “తెల్లవారకముందే లేవండి, లేకపోతే పిల్లలు పడుకున్నాక చూసుకోండి” అని. మనకి పనికిరానివి సరిగ్గా ఆ రెండు వేళలే. ఆ సలహాలు రాసినవాళ్ళకి ఆఫ్‌షోర్ టీము లేదు!

తలుపు తట్టేది ఎవరిది?

ఇహ ఇంటరప్టుల సంగతి. టామ్ డిమార్కో, టిమ్ లిస్టర్ 1987లో రాసిన ‘పీపుల్‌వేర్’ ఇప్పటికీ మనవాళ్ళ అల్మారాల్లో కనిపిస్తుంది. ప్రోగ్రామరు పనిలో పూర్తిగా మునగడానికి పావుగంటో, ఇంకా ఎక్కువో పడుతుందనీ, మధ్యలో ఒక్క ఫోను మోగినా ఆ మునక మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాల్సిందేననీ అందులో వాదిస్తారు. ఆ లెక్కన పది నిమిషాలకొకసారి “అమ్మా!” అని వినిపించే ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మునగలేరు. రోజంతా ఒడ్డునే కాళ్ళు తడుపుకుంటూ ఉంటాం. 1968లో పీటర్ డెనింగ్ థ్రాషింగు గురించి రాసింది గుర్తు చేసుకోండి. మెమరీ చాలని యంత్రం పేజీలు లోపలికీ బయటికీ మోయడంలోనే కాలమంతా గడిపేస్తుంది. డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం కాదు. సాయంత్రం ఏడింటికి నడుము పట్టేసి, “ఇవాళ ఏం చేశాను?” అనుకునే తల్లి పరిస్థితి అదే.

అయితే ఇంట్లో ఎన్ని ఇంటరప్టులు వస్తున్నాయన్న దానికంటే, అవి ఎవరికి చేరుతున్నాయన్నది పెద్ద ప్రశ్న. మల్టీ ప్రోసెసరు యంత్రంలో ఏ ఇంటరప్టు ఏ ప్రోసెసరుకి వెళ్ళాలో ఒక పట్టీ ఉంటుంది. ఎవరూ పట్టించుకోకపోతే అన్నీ ఒకే ప్రోసెసరు మీద పడే ప్రమాదం ఉంది. మన ఇళ్ళలో కూడా అలాంటి పట్టీ ఒకటి ఉంది. ఎవరూ రాయకుండానే రాసుకుపోయిన పట్టీ అది. ‘నాన్నకి మీటింగు ఉంది, గొడవ చెయ్యకండి’ అన్న వాక్యం మా నాలుగేళ్ళ బాబుకి నేర్పకుండానే వచ్చింది. అదే సమయంలో నాకూ మీటింగు ఉండేది, భోజనాల బల్ల దగ్గర. అమ్మకి ఉన్నది మీటింగని వాడికి తోచలేదు. అమ్మ ఎవరితోనో మాట్లాడుతోందనుకున్నాడు. తలుపున్న గది నాన్నది. తలుపు లేని బల్ల అమ్మది. వాడు చూసింది చూసినట్టు అర్థం చేసుకున్నాడు.

మేము మార్చింది ముందుగా అదే. తలుపున్న గది ఇప్పుడు వంతులవారీగా నడుస్తుంది. పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఒకరిది. గదిలో లేనివాళ్ళకే ఆ పూట ఇంటరప్టులన్నీ చేరతాయి. స్కూలు నుంచి వచ్చే ఫోనూ, అమెజాన్ డబ్బా తెచ్చినవాడి గంటా, కింద పోయిన పాలూ, అన్నీ. స్కూలు ఫారాల్లో ‘మొదట ఫోను చేయవలసిన నంబరు’ అన్నచోట మావారి నంబరు రాశాం. వినడానికి చిన్న మార్పే. ఆ ఒక్క గడితో నా మధ్యాహ్నాలు మారిపోయాయి.

అంగారకుడి మీద ఆగిన పని

1997 జూలై 4న పాత్‌ఫైండర్ నౌక అంగారకుడి మీద దిగింది. కొద్ది రోజులకే దానిలోని కంప్యూటరు ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలుపెట్టింది. జేపీఎల్ ఇంజనీర్లు భూమి మీద ఉన్న నకలు యంత్రంలో మళ్ళీ అదే తప్పు పుట్టించి కారణం పట్టుకున్నారు. వాతావరణం వివరాలు సేకరించే ఒక తక్కువ ప్రయారిటీ టాస్కు, అందరూ వాడుకునే ఒక తాళాన్ని తన దగ్గర పెట్టుకునేది. చాలా ముఖ్యమైన బస్సు నిర్వహణ టాస్కు ఆ తాళం కోసం కాచుకునేది. ఈలోగా మధ్యస్థంగా ముఖ్యమైన కమ్యూనికేషన్ టాస్కు వచ్చి, తక్కువదాన్ని పక్కకి నెట్టి తను నడిచేది. తక్కువది కదలదు, తాళం వదలదు, ముఖ్యమైనది కాచుకుంటూనే ఉంటుంది. చివరికి వాచ్‌డాగ్ టైమరు విసిగి మొత్తం రీసెట్ కొట్టేది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

ఇదే సంఘటన మా ఇంట్లో శనివారం ఉదయం జరిగే తీరు వినండి. పదింటికి నాకో గంట కావాలి. ఆ గంట మొదలవాలంటే బాబు తిని, తయారై బయటికి వెళ్ళాలి. వాడికి దోసె పెట్టే పని మావారిది. దోసె చిన్న పనే. అది సగంలో ఉండగా ఫోనులో ఒక మెయిలు టింగుమంటుంది. అదేమీ మిన్ను విరిగి మీద పడే సంగతి కాదు, కానీ దోసె కంటే ముఖ్యమే కదా! మెయిలుకి జవాబు రాసేలోగా ఇంకోటి. దోసె చల్లారుతుంది, బాబు బొమ్మల్లో పడతాడు, పదకొండవుతుంది. నా గంటని ఎవరూ వద్దనలేదు. మావారు పొద్దుటినుంచీ “నువ్వు వెళ్ళు, నేను చూసుకుంటా” అంటూనే ఉన్నారు. అయినా అది జరగలేదు.

ఇలాంటిచోట దంపతుల మధ్య వచ్చే మాటలు మీకు నేను చెప్పాలా! “నీకెప్పుడూ మెయిళ్ళే ముఖ్యం” అని ఒకరు, “రెండు నిమిషాలకే ఇంత గొడవా” అని ఒకరు. నిజానికి తప్పు మనిషిలో లేదు, షెడ్యూలింగులో ఉంది. పాత్‌ఫైండర్‌కి చేసిన వైద్యం కూడా ఎవర్నో తిట్టడం కాదు. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ అనే మీటని అక్కడికి పంపి నొక్కించారు, అంతే. ముఖ్యమైన పని ఒకటి తనకోసం కాచుకుంటున్నంతసేపూ, తాళం పట్టుకున్న చిన్న పనికి కూడా ఆ పెద్ద ప్రయారిటీయే వస్తుంది.

ఇంటి భాషలో ఇది ఒక్క వాక్యం. ‘ఎవరి గంటైనా దేనిమీద ఆధారపడి ఉందో, ఆ పనికి ఆ గంటంత విలువ.’ దోసెకోసం నా గంట ఆగి ఉంటే, ఆ పూట అది ఒట్టి దోసె కాదు. మెయిలు ఆగాలి. గురువారం సాయంత్రం మావారి షటిల్ ఆట హోంవర్కు మీద ఆగి ఉంటే, నేను చూస్తున్న స్ప్రెడ్‌షీటు ఆగాలి. ఈ సూత్రం ఒప్పుకున్నాక మా ఇంట్లో వాదన పూర్తిగా పోలేదు గాని, పొట్టిదైంది. “ఇది దేనికోసం ఆగి ఉంది?” అని అడిగితే చాలు.

పస్తుకి మందు

మరి మొదట్లో చెప్పుకున్న పస్తు సంగతేమిటి? దానికీ పుస్తకంలో మందుంది. పేరు ఏజింగు. క్యూలో ఎంతసేపు కాచుకుంటే అంత ప్రయారిటీ పెంచుతూ పోవడం. ఎంత చిన్న జాబైనా, కాచుకోగా కాచుకోగా ఒకనాటికి అన్నిటికంటే పైకి వస్తుంది.

మా పెళ్ళైన కొత్తలో ఒక బొబ్బిలి వీణని, ఒకే పనస దుంగలోంచి తొలిచినదాన్ని, నానా తంటాలు పడి ఇక్కడికి తెచ్చుకున్నాను. పాప పుట్టిన ఏడాది పెట్టెలో పెట్టాం. పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ మధ్యలో ఎడమచేతి వేళ్ళ మీది కాయలు కరిగిపోయాయి. కిందటేడు మాతృదినోత్సవానికి పాప బడిలో ఒక కాగితం నింపి తెచ్చింది. ‘మా అమ్మకి బాగా వచ్చిన పని’ అన్న ఖాళీలో ‘మ్యూటు చెయ్యడం’ అని రాసింది. అందరం నవ్వుకున్నాం. అది చదివి నవ్విన ఇంకో స్నేహితురాలు కాసేపాగి, “మా వాడైతే అదీ రాయలేడేమో” అంది. పిల్లలకి అమ్మా నాన్నల ఉద్యోగమూ తెలుసు, చాకిరీ తెలుసు. ఈ రెండూ కాని మనిషి ఒకరు లోపల ఉన్నారని వాళ్ళకి ఎప్పుడు తెలుస్తుంది? సొంత సమయం అంటే కులాసా అనుకుంటాం గాని, అందులో పిల్లల వాటా కూడా ఉందని నాకు అనిపించింది ఆ కాగితం వల్లనే.

మా ఏర్పాటు ఇది. మంగళవారం సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా నాది. గురువారం అదే సమయం మావారిది. శనివారం ఉదయం వారం విడిచి వారం. ఇవి మిగిలితే తీసుకునేవి కావు, ముందే వేసి ఉంచినవి. ఫ్రిజ్ మీద ఒక కాగితం. ఎవరి గంటైనా తప్పితే అక్కడొక గీత. రెండు గీతలు పడ్డాయంటే మూడోసారి ఆ గంట జ్వరం తప్ప మిగతా అన్నిటికంటే ముఖ్యం. చుట్టాల పుట్టినరోజు కంటే, రిలీజు కంటే కూడా. ఏజింగు ఆల్గరిథమ్‌ని ఇంత చవగ్గా ఇంకెవరూ అమలు చేసి ఉండరు, ఒక కాగితం, ఒక అయస్కాంతం.

ఇంకో రెండు వివరాలు చెప్పాలి. మొదటిది, సొంత సమయానికి చోటు కూడా కావాలి. ఇంట్లో తలుపు వేసుకుని కూర్చోవడం అంటే ఇంటరప్టుల్ని మాస్కు చెయ్యడమే, అవి తలుపు అవతల పోగవుతూనే ఉంటాయి. అందుకని ఒకరు ఇల్లు దాటి వెళ్ళాలి. మావారు తన వంతుకి తను వెళ్తారు. వీణ చంకన పెట్టుకుని వెళ్ళేది కాదు కాబట్టి నా వంతుకి మిగతా ముగ్గురూ వెళ్తారు. ఎండ తగ్గితే ఆండ్రూ బ్రౌన్ పార్కుకి, శనివారాలైతే కోజ్బీ లైబ్రరీకి. రెండోది, మాస్కు చెయ్యకూడని ఇంటరప్టులు కొన్ని ఉంటాయి. వాటిని ముందే రాసిపెట్టుకోవాలి. మావి మూడే: రక్తం, జ్వరం, ఇండియానుంచి వేళగాని వేళ ఫోను. ‘అగ్గిపెట్టె ఎక్కడుంది’ ఆ జాబితాలో లేదు.

“ఇంట్లోనే ఉంటారుగా!”

ఇదంతా డేకేర్ లేకుండా నడుస్తుందని ఎవరూ అనుకోవద్దు. మా బాబు రోజూ డేకేర్‌కి వెళ్తాడు. ఇండియా ఫోనుల్లో తరచు ఎదురయ్యే ప్రశ్న, “ఇద్దరూ ఇంట్లోనే ఉంటారుగా, అంత డబ్బు ఎందుకు దండగ?” అని. ఇంట్లో ఉండి పనిచేయడమంటే పనిచేయడమే. సర్వరు మనింట్లో ఉందని దాని మీద బట్టలు ఆరేసుకోం కదా!

ఖర్చు సంగతికొస్తే, చాలా కంపెనీలు ఇచ్చే డిపెండెంట్ కేర్ ఎఫ్.ఎస్.ఎ.ని వాడుకోనివాళ్ళు మనలో ఇంకా ఉన్నారు. పన్ను పడకముందే జీతంలోంచి ఆ డబ్బు పక్కన పెట్టుకోవచ్చు. చాలా ఏళ్ళుగా కుటుంబానికి 5,000 డాలర్లుగా ఉన్న పరిమితిని 2025లో వచ్చిన చట్టం 2026 నుంచి 7,500కి పెంచింది. పదమూడేళ్ళలోపు పిల్లల డేకేర్, బడి అయ్యాక ఉంచే చోటు, వేసవి డే క్యాంపులు దీని కిందికి వస్తాయి. మామూలుగా భార్యాభర్తలిద్దరూ పనిచేస్తూనో, వెతుక్కుంటూనో, లేదా ఒకరు పూర్తికాలం చదువుకుంటూనో ఉండాలి. ఈ పథకంలో చేరేది సాధారణంగా శరత్కాలపు ఓపెన్ ఎన్‌రోల్‌మెంటులో కాబట్టి అప్పుడు ఆ పేజీని దాటవెయ్యకండి.

మన దగ్గర ఇంకో ఆసరా ఉంది, అమ్మమ్మలూ నాయనమ్మలూ తాతయ్యలూ. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండడానికి వస్తారు. కాపెల్ వీధుల్లో సాయంత్రం స్వెట్టరూ చెప్పులూ వేసుకుని నడిచే పెద్దవాళ్ళని చూస్తూనే ఉంటాం. వాళ్ళు రాగానే మన గంటలన్నీ వాటంతటవే దొరికినట్టు అనిపిస్తుంది. కానీ కారు నడపడం కుదరక, పక్కింటివాళ్ళ భాష రాక, మనవల బడి వేళలే తమ వేళలుగా గడిపే ఆ పెద్దవాళ్ళకి సొంత సమయం ఏది? మా అత్తయ్యగారు వచ్చినప్పుడు ఫ్రిజ్ మీది కాగితంలో ఆవిడకీ ఒక వరస వేశాం. “నాకెందుకమ్మా” అంటూనే, బుధవారం నడకకి ఇంకో ఇద్దరు అమ్మమ్మల్ని కూడగట్టుకున్నారు. టాంటెక్స్ వాళ్ళ ‘నెల నెలా తెలుగు వెన్నెల’ సాహిత్య సభకి మావారు తీసుకువెళ్తే, అక్కడ ఆవిడ మాట్లాడిన మాటలు ఇంట్లో నెల రోజుల్లో మాట్లాడినవాటికంటే ఎక్కువట!

కొన్ని పనిముట్లు

టెక్నాలజీ శీర్షిక కదా, పనిముట్ల గురించి రెండు ముక్కలు. కొత్త యాప్ ఏదీ కొననక్కర్లేదు, చేతిలో ఉన్నవే చాలు.

ఆఫీసు కాలెండరులో మీ గంటని ‘బిజీ’ అని వెయ్యండి. ఎందుకు బిజీయో రాయనక్కర్లేదు. ఇద్దరి కాలెండర్లూ కలిసి కనిపించేలా పెట్టుకుంటే, గది వంతులు చూసుకోవడం సులువు.

ఫోనులో ఆఫీసుని వేరుగా కట్టేయండి. ఆండ్రాయిడ్‌లో 2014నుంచీ వర్క్ ప్రొఫైల్ ఉంది. ఒక్క మీట నొక్కితే ఆఫీసు యాప్‌లన్నీ నిద్రపోతాయి. ఐఫోనులో 2021లో వచ్చిన ఫోకస్‌తో ఎవరి ఫోను మోగాలో, ఎవరిది మోగకూడదో వేళల ప్రకారం పెట్టుకోవచ్చు. పైన చెప్పిన మూడు అత్యవసరాలనీ అందులో మినహాయించండి.

రాత్రి పదింటికి మెయిలు రాయాల్సి వస్తే రాయండి గాని, అప్పుడే పంపకండి. ఔట్‌లుక్‌లో ఆలస్యంగా పంపే సౌకర్యం ఎప్పటినుంచో ఉంది, జీమెయిల్‌లో 2019లో వచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకి వెళ్ళేలా పెట్టండి. రాత్రి పదింటికి వచ్చిన మెయిలుకి పదీ ఐదుకి జవాబు ఇవ్వాలని అవతలి మనిషికి అనిపిస్తుంది, మీరు అడగకపోయినా.

అవతలి వైపు

ఆ అవతలి మనిషి గురించే చివరి మాట. మనకి వీలుగా ఉంటుందని, వేసవిలో ఉదయం ఎనిమిది కాల్‌ని తొమ్మిదికి జరుపుతాం. పిల్లలు బడికి వెళ్ళిపోతారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది, కాఫీ తాగుతూ మాట్లాడొచ్చు. హైదరాబాదులో అప్పుడు రాత్రి ఏడున్నర. మాదాపూరునుంచో, గచ్చిబౌలినుంచో క్యాబ్‌లో ఇంటికి వెళ్తూ, లేకపోతే ఇంట్లో పిల్లవాడికి అన్నం కలుపుతూ, మన టీములో ఒక అమ్మాయి అదే కాల్‌లో మ్యూటులో ఉంటుంది. మన గంట ఆకాశంలోంచి ఊడిపడలేదు, ఆ అమ్మాయి గంటలోంచి వచ్చింది. క్లయింటు ఇటువైపు ఉన్నాడు కాబట్టి ఆ అమ్మాయి వద్దనదు. షెడ్యూలరులో మన ప్రయారిటీ పైన ఉంది, అంతే.

మా టీములో ఇప్పుడు ఈ భారాన్ని వంతులు వేసుకున్నాం. ఒక నెల మేము పొద్దున ఏడింటికి కూర్చుంటాం, ఒక నెల వాళ్ళు రాత్రి ఏడున్నరకి కూర్చుంటారు. వారానికి రెండు కాల్స్ తీసేసి, వాటి బదులు రాసి పంపుకుంటున్నాం. మొదట్లో చిరాకు పడ్డవాళ్ళు కూడా ఇప్పుడు తిరిగి పాత పద్ధతి అడగడంలేదు.

ఈసారి గడియారాలు మార్చే ఆదివారం రాకముందే కాలెండరు తెరిచి, ఏ కాల్ ఎవరింట్లో ఏ వేళకి పడుతుందో ఒకసారి చూడండి. అక్కడ అన్నం వేళకీ, ఇక్కడ కథ చెప్పే వేళకీ పడుతున్నవాటిని పట్టుకుని అడగండి. ఆ తర్వాత మీకో గంట, మీవారికో గంట వెయ్యండి. ఏ రోజు, ఎన్నింటికి, ఆ వేళలో పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, ఈ మూడూ రాయండి. ఈ మూడూ లేనిదాన్ని ఏ షెడ్యూలరూ నడపలేదు.